చిల్లర లేకపోతేనేం?



ఈమధ్య మనందరం తరచుగా అంటున్న మాట ఒకటుంది. "చిల్లర లేదమ్మా." గుడి మెట్ల దగ్గరో, బస్టాండులోనో, సిగ్నల్ దగ్గరో ఎవరో చెయ్యి చాస్తారు. మనం జేబు తడుముకుంటాం. జేబులో ఫోన్ ఉంటుంది. డబ్బంతా ఆ ఫోన్‌లోనే ఉంటుంది. పది రూపాయల నోటు మాత్రం ఉండదు. "చిల్లర లేదమ్మా" అనేసి ముందుకెళ్లిపోతాం. అది అబద్ధం కాదు. నిజంగానే లేదు.

2016 ఏప్రిల్‌లో మన దేశంలో ఫోన్‌తో డబ్బు కట్టే యూపీఐ పద్ధతి మొదలైంది. 2023 ఆగస్టుకల్లా ఒక్క నెలలోనే వెయ్యి కోట్ల చెల్లింపులు దాటిపోయాయి. వెయ్యి కోట్ల రూపాయలు కాదండీ, వెయ్యి కోట్ల సార్లు జనం ఫోన్‌తో డబ్బు కట్టారు. కొత్తిమీర కట్టకి ఫోనే. ఆటోకి ఫోనే. టీకి ఫోనే. మన పని సులువైంది, సంతోషం. కానీ రోడ్డు పక్కన పడుకునే మనిషికి ఇన్నాళ్లూ ఆసరాగా ఉన్నది ఆ చిల్లరే. అది మన జేబుల్లోంచి మాయమైంది.

మరి చిల్లర లేకపోతే సాయం ఆగిపోవాల్సిందేనా? అక్కర్లేదు. దానికో తేలికైన దారి ఉంది. ఇవాళ మీతో ఆ ఒక్క సంగతే మాట్లాడతాను. రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇదీ. ముందు ఆ మనిషిని అడుగుదాం. తర్వాత పక్కనున్న కొట్టుకి కడదాం. మళ్లీ చెబుతున్నాను. ముందు అడుగుదాం. తర్వాత కొట్టుకి కడదాం.

ఇల్లు లేని మనుషులు అనగానే మన కళ్ల ముందు చెయ్యి చాచేవాళ్లే మెదులుతారు. కానీ వాళ్లలో చాలామంది ఎవరినీ ఏమీ అడగరు. పగలంతా పనిచేస్తారు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడతారు. పెళ్లిళ్లలో వంటవాళ్ల వెంట గిన్నెలు తోముతారు. మార్కెట్లో మూటలు మోస్తారు. చిత్తు కాగితాలు ఏరతారు. అద్దె కట్టేంత సంపాదన ఉండదు. రాత్రి కాగానే ఫ్లైఓవర్ కిందో, మూసేసిన దుకాణం మెట్ల మీదో నడుం వాలుస్తారు. పెద్దాసుపత్రి గేటు బయట పడుకునేవాళ్లలో రోగుల బంధువులే ఎక్కువగా కనిపిస్తారు. ఊళ్లో వాళ్లకి ఇల్లుంటుంది. నగరంలో నీడ ఉండదు.

2011 జనాభా లెక్కల్లో వీళ్లని ప్రత్యేకంగా ఒక రాత్రి లెక్కపెట్టారు. ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి. లెక్కల సిబ్బంది ఫుట్‌పాత్‌లకీ, రైల్వే ప్లాట్‌ఫారాలకీ, గుడి వసారాలకీ వెళ్లారు. దేశమంతా కలిపి 17 లక్షల 70 వేలకి పైగా తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు ఒక లక్షా 45 వేలమంది. ఇది పాత లెక్క. ఒక్క రాత్రిలో అందరూ కంటపడరు కూడా. అయినా ఒక్కసారి ఆలోచించండి. లక్షా 45 వేలమంది అంటే ఒక పెద్ద పట్టణం. ఆ పట్టణంలో ఒక్కరికీ తలుపు లేదు, తాళం లేదు.

మీలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. వాళ్లూ డబ్బు అందుకోవడానికి ఒక క్యూఆర్ కోడ్ పెట్టుకోవచ్చు కదా, టీ బండి మీద ఉన్నట్టే? కొద్దిమంది పెట్టుకున్నారు కూడా. కానీ అందరికీ అది కుదరదు. ఎందుకో చూడండి. కోడ్ కావాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ ఖాతాకి కలిపిన ఫోన్ నంబరు ఉండాలి. సిమ్ కావాలంటే గుర్తింపు కార్డు చూపాలి. ఆ కార్డు మీద చిరునామా ఉండాలి. ఇల్లే లేని మనిషి ఏ చిరునామా రాయిస్తాడు? ఇదొక గొలుసు. మొదటి లంకె లేకపోతే మిగతావేవీ చేతికి రావు.

ఇంకోటి కూడా ఉంది. వానకి కాగితాలు తడిసిపోతాయి. నిద్రలో సంచీ ఎవరో పట్టుకుపోతారు. ఫోన్ పోతుంది. రోజంతా కష్టపడి దాచుకున్న కూలిడబ్బులూ పోతాయి. నగదు మనకి బరువు అనిపిస్తే మానేశాం. ఆ మనిషికి అది రాత్రంతా కాపలా కాయాల్సిన వస్తువు.

ఈ ఇబ్బంది మనకే వచ్చింది కాదు. మనకంటే ముందే నగదు మానేసిన ఊళ్లున్నాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ సంగతి చూడండి. అక్కడ ఇల్లు లేనివాళ్లు వీధుల్లో నిలబడి ఒక పత్రిక అమ్ముతారు. దాని పేరు సిట్యువేషన్ స్టాక్‌హోమ్. జనం జేబుల్లో నోట్లు లేకపోయేసరికి అమ్మకాలు దెబ్బతిన్నాయి. 2013లో ఆ అమ్మకందార్ల చేతికి కార్డులు గీసే చిన్న యంత్రాలిచ్చారు. లండన్‌లోనూ అలాంటి పత్రిక ఉంది. 1991లో మొదలైంది. పేరు బిగ్ ఇష్యూ. అమ్మేవాళ్లు సగం ధరకి పత్రిక కొనుక్కుంటారు. పూర్తి ధరకి అమ్ముకుంటారు. ఆ మిగులు వాళ్లది. వాళ్లు కూడా కార్డు యంత్రాలు అందుకున్నారు.

ఇంగ్లండులోనే ఆక్స్‌ఫర్డ్‌లో 2018లో మరో ప్రయత్నం జరిగింది. ఇల్లు లేని మనిషి మెడలో ఒక కార్డు వేశారు. దాని మీద కోడ్. దారినపోయేవాళ్లు ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ మనిషి కథ కనబడుతుంది. అతనికి ఏం అవసరమో కనబడుతుంది. అద్దెకి అడ్వాన్సో, పాస్‌పోర్టు ఫీజో. మనం పంపిన డబ్బు ఒక ఖాతాలో చేరుతుంది. ఒక సహాయకుడు దాన్ని చూసుకుంటూ ఆ అవసరానికే ఖర్చయ్యేలా చేస్తాడు. దీనివల్ల మేలు జరిగింది. విమర్శ కూడా వచ్చింది. మనిషి మెడలో ధర చీటీలాగా కోడ్ వేలాడదీస్తారా అని చాలామంది బాధపడ్డారు.

ఆ బాధలో న్యాయం ఉందని నేను నమ్ముతున్నాను. సాయం అందుకోవడానికి ఒక మనిషి తన కథంతా మెడలో వేసుకుని తిరగాల్సిన పని లేదు. కోడ్ ఉండాల్సిన చోటు మనిషి మెడ కాదు. కొట్టు గల్లాపెట్టె. అది ఇప్పటికే అక్కడుంది. మన ఊళ్లలో ఇడ్లీ బండికి ఉంది. మందుల షాపుకి ఉంది. చెప్పులు కుట్టే ఆయన పెట్టె మీద కూడా ఉంది. కొత్తగా మనం చేయాల్సిందేమీ లేదు. ఆ కోడ్‌ని ఇంకొకరి కోసం వాడటమే.

ఎలా చేయాలో చెబుతాను. మీ వీధి చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడనుకోండి. దగ్గరికి వెళ్లండి. కాస్త వంగి, కళ్లలోకి చూసి పలకరించండి. "పెద్దయ్యా, ఏమన్నా తిన్నారా? ఏం కావాలి మీకు?" అనండి. ఆయన చెప్పేది వినండి. "టీ తాగాలని ఉంది బాబూ" అంటాడేమో. పక్కనున్న బండి దగ్గరికి వెళ్లి, "అన్నా, ఆ పెద్దాయనకి ఒక టీ, ఒక బన్ను ఇవ్వండి, నేను కడతాను" అనండి. ఫోన్ తీయండి. కట్టేయండి. అంతే. రెండు నిమిషాల పని.

ఇందులో అసలు విషయం డబ్బు కట్టడం కాదు, అడగడం. ఎందుకంటే మనం ఊహించే అవసరం వేరు, వాళ్ల అవసరం వేరు. మనం ఎప్పుడూ తిండే అనుకుంటాం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలకి భోజనం దొరుకుతుంది. హైదరాబాద్‌లో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం నడుస్తోంది. కాబట్టి దగ్గర్లో క్యాంటీన్ ఉన్నవాళ్లకి మధ్యాహ్నం అన్నం దొరకొచ్చు. వాళ్లకి కావాల్సింది ఇంకోటి కావచ్చు.

ఒకామెకి స్నానం కావాలి. సులభ్ కాంప్లెక్స్‌లో కట్టే పది ఇరవై రూపాయలే ఆమెకి భారం. అక్కడి కౌంటర్‌లో మీరు ఫోన్‌తో కట్టండి. ఒకాయనకి చెప్పులు కావాలి. ఎండలో తారు రోడ్డు మీద ఉత్తికాళ్లతో నడుస్తున్నాడు. ఇంకొకరి చేతిలో సర్కారు దవాఖానాలో రాసిన మందుల చీటీ ఉంది. కొన్ని మందులు అక్కడ దొరకలేదు. మందుల షాపులో ఆ చీటీ చూపించి, ఆ మందులకి మీరు కట్టండి. ఒక కుర్రాడికి క్షవరం కావాలి. గడ్డం మాసిపోయి ఉంటే అడ్డా మీద మేస్త్రీలు పనికి పిలవడం లేదు. వానాకాలంలో ఒక కుటుంబానికి టార్పాలిన్ పట్టా కావాలి. చలికాలంలో దుప్పటి కావాలి. చూడండి, ఒక్కొక్కరిది ఒక్కో అవసరం. అడిగితేనే తెలుస్తుంది.

పెళ్లి బంతిలో వడ్డించే మనిషిని గుర్తు చేసుకోండి. మంచి వడ్డనగాడు ఆకు చూస్తాడు. "పప్పు వెయ్యమంటారా? సాంబారు పొయ్యమంటారా?" అని అడుగుతాడు. నిండిన ఆకులో మళ్లీ అన్నం గుమ్మరించడు. ఖాళీ ఆకుని దాటి వెళ్లడు. మనం చేసే సాయమూ అలాగే ఉండాలి. ముందు అడుగుదాం. తర్వాత కొట్టుకి కడదాం.

అడిగేటప్పుడు కొంచెం శ్రద్ధ కావాలి. వయసులో పెద్దవాళ్లని "మీరు" అనండి. అమ్మా, అవ్వా, తాతా, అన్నా అంటూ నోరారా పిలవండి. నిద్రపోతున్నవాళ్లని లేపకండి. "ఏమీ వద్దు" అంటే నమస్కారం పెట్టి వెళ్లిపోండి. ఫోటో తీయకండి. వీడియో అసలే వద్దు. ఆ మనిషి కూతురో, కొడుకో ఎక్కడో ఆ వీడియో చూస్తే ఎంత నలిగిపోతారో ఆలోచించండి. మన మంచితనానికి ఇంకొకరి కష్టం సాక్ష్యం చెప్పక్కర్లేదు.

కొందరికి ఇలా ఎదురుగా వెళ్లి అడగాలంటే మొహమాటం. వాళ్లకీ ఒక దారి ఉంది. ఇటలీలో నేపుల్స్ అనే ఊళ్లో ఒక పాత అలవాటు ఉంది. కాఫీ తాగడానికి వెళ్లినవాళ్లు రెండు కాఫీలకి డబ్బు కడతారు. ఒకటి తాగుతారు. రెండోది ఎవరో ఒక పేదవాడి కోసం కొట్లో జమ ఉంటుంది. అతను వచ్చి అడిగి తాగి వెళ్తాడు. కట్టింది ఎవరో అతనికి తెలియదు. తాగింది ఎవరో కట్టినవాళ్లకి తెలియదు.

అంత దూరం ఎందుకు, మన పక్కనే కేరళలో ఇలాంటిది జరిగింది. 2015లో కోళికోడ్ జిల్లాలో కలెక్టర్ ప్రశాంత్ నాయర్ ఒక పని మొదలుపెట్టారు. అక్కడి హోటళ్ల సంఘం కలిసి వచ్చింది. దానికి ఆపరేషన్ సులైమానీ అని పేరు పెట్టారు. సులైమానీ అంటే అక్కడివాళ్లకి ఇష్టమైన, పాలు పోయని టీ. ఆకలిగా ఉన్నవాళ్లకి ఒక కూపన్ ఇచ్చేవారు. ఆ కూపన్ తీసుకుని హోటల్‌కి వెళ్తే అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టేవారు. ఖర్చు దాతలదీ, హోటళ్లదీ. అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోవడం అన్నాను చూడండి, అది కూడా ఆ భోజనంలో భాగమే.

మనం కూడా మన వీధిలో ఇది చేయొచ్చు. రోజూ టిఫిన్ తినే హోటల్ ఒకటి మీకుంటుంది. ఆ ఓనరు మీకు పరిచయస్తుడే. ఒకటో తారీఖున ఆయనకి ఒక రెండొందలు ఫోన్‌పే చేయండి. "అన్నా, ఆకలితో ఎవరైనా వస్తే దీంట్లోంచి పెట్టండి, అయిపోతే చెప్పండి" అనండి. ఖాతా పుస్తకం మన కిరాణా కొట్లకి కొత్త కాదు. అప్పు రాసుకునే పుస్తకంలో ఒక పేజీ అన్నానికి కేటాయిస్తే చాలు. మీ అపార్టుమెంట్లో నలుగురు కలిస్తే ఆ పేజీ ఎప్పుడూ ఖాళీ అవ్వదు. మీరు వేరే ఊళ్లో ఉన్నా, వేరే దేశంలో ఉన్నా, పుట్టిపెరిగిన వీధిలోని హోటల్‌కి ఈ పని అప్పగించొచ్చు. అమ్మానాన్నలకి చెబితే వాళ్లు వెళ్లి మాట్లాడతారు.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. "ఆయన డబ్బే కావాలంటే?" అడగొచ్చు. ఊరికి వెళ్లడానికి బస్సు ఛార్జీ కావాలేమో. బిడ్డకి పంపాలేమో. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. కానీ గుర్తింపు కార్డు చూపాలి. కార్డు పోగొట్టుకున్న తల్లికి ఆ ఉచితం కూడా అందదు. అప్పుడు మీ దగ్గర నగదు ఉంటే ఇవ్వండి. లేకపోతే తెలిసిన కొట్టాయనకి ఫోన్‌తో కట్టి, నోటు తీసుకుని ఇవ్వొచ్చు. ఇచ్చాక ఎలా ఖర్చు పెట్టారో అని వెనక నిలబడి చూడకండి. పెద్దవాళ్లు. వాళ్ల అవసరం వాళ్లకి తెలుసు. మనం జీతం ఎలా ఖర్చు పెడుతున్నామో ఎవరూ కాపలా కాయడం లేదు కదా.

ఇంకో జాగ్రత్త. ఫోన్‌లోకి వచ్చే ప్రతి కోడ్‌కీ డబ్బు పంపకండి. "అనాథలకి సాయం" అంటూ వాట్సాప్‌లో బొమ్మలు తిరుగుతుంటాయి. స్కాన్ చేయగానే ఫోన్‌లో ఒక పేరు కనబడుతుంది. అది ఆ సంస్థ పేరేనా? చూసుకోండి. రసీదు అడగండి. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. ఎదురుగా ఉన్న మనిషికి, ఎదురుగా ఉన్న కొట్లో కట్టడంలో ఈ బెడద లేదు. అందుకే నేను ముందు దాని గురించే చెప్పాను.

ఇక్కడితో మన బాధ్యత అయిపోయిందా? లేదు. టీ, బన్ను ఆ పూటకి. దుప్పటి ఆ చలికాలానికి. ఆ మనిషికి కావాల్సింది ఒక గూడు, ఒక చిరునామా. అది దానం కాదు, హక్కు. 2010లో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టిగా చెప్పింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకి ఒక ఆశ్రయ గృహం ఉండాలంది. 2013లో కేంద్ర ప్రభుత్వం పట్టణాల్లో ఇల్లు లేనివాళ్ల కోసం ఒక పథకం తెచ్చింది. ఆశ్రయం రాత్రికే కాదు, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. అక్కడున్నవాళ్లకి గుర్తింపు కార్డులు, బ్యాంకు ఖాతాలు ఇప్పించాలి. ఇవన్నీ ఆ పథకం నియమాల్లో రాశారు.

కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ పెద్దాయనకి టీ ఇప్పించాక అడగండి. "పెద్దయ్యా, రాత్రి ఎక్కడ పడుకుంటారు? గుర్తింపు కార్డు ఉందా?" అనండి. మీ మున్సిపాలిటీ ఆశ్రయ గృహం ఎక్కడుందో ఒకసారి కనుక్కుని పెట్టుకోండి. వెళ్లాలని ఆయనకి ఇష్టమైతే ఆటో ఎక్కించి, ఆటోకి ఫోన్‌తో కట్టండి. అక్కడ చేరితే ఆ గొలుసులో మొదటి లంకె చేతికొస్తుంది.

గొలుసు అన్నాను కదా, అది ఎలా కదులుతుందో చెబుతాను. కార్డులేవీ లేని మనిషికి కూడా బ్యాంకులో చిన్న ఖాతా తెరిచే వీలుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ఒక ఫోటో చాలు. బ్యాంకు అధికారి ఎదుట సంతకమో, వేలిముద్రో చాలు. మొదట ఏడాదిపాటు నడుస్తుంది. ఈలోగా కార్డుకి దరఖాస్తు పెట్టుకున్నట్టు చూపిస్తే ఇంకో ఏడాది పొడిగిస్తారు. అందులో 50 వేల రూపాయల దాకా దాచుకోవచ్చు. రాత్రి తలకింద పెట్టుకుని కాపలా కాసే కూలిడబ్బు బ్యాంకులో భద్రంగా ఉంటుంది. ఓటు కూడా అంతే. ఇల్లు లేదని ఓటు హక్కు పోదు. చిరునామా కాగితం లేకపోయినా దరఖాస్తు చేయొచ్చు. ఆ మనిషి చెప్పిన చోటే నిద్రపోతున్నాడా లేదా అని బూత్ అధికారి రాత్రిపూట వచ్చి చూసి నమోదు చేస్తారు. ఫుట్‌పాత్ మీద నిద్రపోయే మనిషి కూడా ఈ దేశ పౌరుడే అని ఒప్పుకునే నియమం అది.

ఇవన్నీ చాలామందికి తెలియవు. ఆ మనుషులకీ తెలియవు, మనకీ తెలియవు. ఒకసారి బ్యాంకుకి తోడు వెళ్లండి. ఒకసారి మీ-సేవకో, వార్డు సచివాలయానికో తోడు వెళ్లండి. మీరు పక్కన నిలబడితే, లోపలికి పోనివ్వని గేటు కూడా తెరుచుకుంటుంది. మీరు ఫోన్‌తో ఎంత పంపినా, దానికంటే అది పెద్ద సాయం.

చిన్నదైనా, పెద్దదైనా సాయం మొదలయ్యేది మాటతోనే. చిల్లర ఉన్న రోజుల్లో నాణెం వేయడానికైనా మనం ఒక క్షణం ఆగేవాళ్లం. ఆ మనిషి మొహం చూసేవాళ్లం. ఫోన్ చేతికొచ్చాక ఆ ఆగడం పోయింది. నగదు పోతే పోనీయండి, కాలం మారుతుంది. ఆగడం, చూడటం, పలకరించడం మాత్రం పోగొట్టుకోవద్దు. వాటికి చిల్లర అక్కర్లేదు. నెట్‌వర్క్ అక్కర్లేదు.

ఇంతసేపు చెప్పింది మరొక్కసారి గుర్తు చేస్తాను. ఎదురుగా ఉన్న మనిషిని ఏం కావాలో అడగండి. పక్కనున్న కొట్లో ఫోన్‌తో కట్టి అది ఇప్పించండి. మొహమాటమైతే తెలిసిన హోటల్‌లో కొంత జమ చేసి పెట్టండి. రాత్రి ఎక్కడ పడుకుంటారో అడిగి, ఆశ్రయానికి దారి చూపండి. వీలైతే బ్యాంకు దాకా తోడు వెళ్లండి.

రేపు పొద్దున మీరు టిఫిన్‌కి వెళ్తారు. గల్లాపెట్టె దగ్గర ఫోన్ తీస్తారు. అప్పుడు ఓనరుతో ఒక్క మాట అనండి. "ఇంకో ప్లేటు ఇడ్లీకి కూడా తీసుకోండి, ఎవరైనా ఆకలిగా వస్తే పెట్టండి." ఆ ఒక్క ప్లేటుతో మొదలుపెడదాం. ముందు అడుగుదాం. తర్వాత కొట్టుకి కడదాం.